మీ వీధి రోడ్డు లెక్క ఎం-బుక్‌లో ఉంటుంది, ఇలా అడిగి చూడండి

కొత్త సీసీ రోడ్డు నెల తిరక్కుండానే పైపొర లేచిపోతే మనవాళ్ళు ముందు చేసే పని ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం. కోపం ఎమోజీలు వస్తాయి, ఒకరిద్దరు పాత రోడ్డు కథలు చెబుతారు, సాయంత్రానికి గ్రూపు మళ్ళీ శుభోదయాల్లోకి వెళ్ళిపోతుంది. ఆ ఫొటోకి జవాబు చెప్పాల్సిన పని ఏ ఆఫీసుకీ లేదు. అదే, "ఫలానా పనికి సంబంధించిన ఎం-బుక్ పేజీల నకలు ఇవ్వండి" అని సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద ఒక కాగితం మీద రాసి, పది రూపాయల ఫీజు కట్టి ఇస్తే జవాబు ఇచ్చి తీరాలి. ఎం-బుక్ అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం.

నేను పనుల బిల్లులు పాస్ చేసే పే అండ్ అకౌంట్స్ ఆఫీసులో ఆడిటర్‌గా చేరి, అకౌంట్స్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ఉండేది గుంటూరులోనే. సర్వీసంతా నా టేబుల్ మీదకి కాగితాలే వచ్చాయి గానీ రోడ్లు రాలేదు. కాబట్టి కాంక్రీటు గురించి ఇంజనీర్లంత తెలియదు. కాగితానికీ కాంక్రీటుకీ పొంతన కుదరనిది ఎక్కడో మాత్రం బాగానే తెలుసు. అది మామూలు మనుషులు కూడా పట్టుకోగలిగిందే. ఎలాగో చెబుతాను.

ముందు ఎస్టిమేట్ సంపాదించండి

మీ వీధిలో గ్రావెల్ లారీ దిగిందంటే దాని వెనక ఇప్పటికే చాలా కాగితం నడిచింది. పరిపాలనా ఆమోదం, దాని తర్వాత సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు. వీటిలో మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఎస్టిమేట్. అందులో పొడవు, వెడల్పు, మందం, కాంక్రీటు గ్రేడు, ఒక్కో ఐటమ్‌కి రేటు అన్నీ ఉంటాయి. రేట్లు ప్రభుత్వం ఖరారు చేసే రేట్ల పట్టిక (ఎస్‌ఎస్‌ఆర్) ప్రకారం వేస్తారు, కాబట్టి వాటి మీద మీరు బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. కొలతలు చూసుకుంటే చాలు.

ఎస్టిమేట్ కోసం కార్పొరేషన్ మెయిన్ ఆఫీసు దాకా పోనక్కర్లేదు. ముందు మీ వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువల పనులు చూసే అమినిటీస్ సెక్రటరీని అడగండి. చాలామంది చిన్నపిల్లలు, ఇంజనీరింగ్ చదివినవాళ్ళు. మర్యాదగా అడిగితే కొలతల వరకు ఫోన్‌లోనే చూపిస్తారు. ఇవ్వకపోతే ఆర్టీఐ ఉండనే ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూడా అక్కడే అడగండి. కార్పొరేషన్ సొంత నిధులా, ఆర్థిక సంఘం గ్రాంటా, ఇంకేదైనా పథకమా? ఇది ఊరికే తెలుసుకోవడానికి కాదు. ఉదాహరణకి 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గుంటూరులాంటి 10 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టుబడి ఉంది. ఆ డబ్బుని ఇష్టమొచ్చిన చోట ఖర్చు పెట్టడానికి లేదు. మీ వీధికి మురుగు కాలువ లేకుండా రోడ్డు మాత్రమే ఎందుకొచ్చిందన్న ప్రశ్నకి జవాబు ఒక్కోసారి ఇక్కడే దొరుకుతుంది.

పని బోర్డు మీద ఉన్న మొత్తాన్ని రోడ్డు పొడవుతో భాగించి "ఇంత తిన్నారు" అని మాత్రం అనకండి. బోర్డు మీద 10 లక్షలు ఉంటే అందులో 18 శాతం జీఎస్టీ, 1 శాతం లేబర్ సెస్ కలిసే ఉంటాయి. అవి పోతే పని విలువ 8 లక్షల 40 వేల దగ్గరికి దిగుతుంది. కాంట్రాక్టరు ఎస్టిమేట్ కన్నా 10 శాతం తక్కువకి, అంటే 10 శాతం లెస్‌కి, కోట్ చేసి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఈ లెక్క తెలియకుండా గొడవకి దిగితే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఒక్క నిమిషంలో మీ నోరు మూయిస్తాడు, ఆ తర్వాత మీరు చెప్పిన నిజం కూడా ఎవరూ వినరు.

లెస్ గురించి ఇంకో మాట. 25, 30 శాతం లెస్‌కి టెండరు పోయిందని విని ఖజానాకి మిగిలిందనుకుని సంబరపడేవాళ్ళున్నారు. నాకైతే అలాంటి ఫైలు వస్తే అనుమానమే ముందు కలిగేది. 25 శాతం దాటిన లెస్‌కి ఆ తేడా మేరకు అదనపు గ్యారంటీ కట్టించుకోవాలని మన రాష్ట్రంలో టెండరు షరతు ఉన్నది ఇందుకే. ఆ గ్యారంటీ కట్టాడా లేదా అన్నది అడగదగ్గ ప్రశ్న. ఎవరూ జేబులో డబ్బు పెట్టి రోడ్డు వెయ్యరు కదా, ఆ లెస్ మందంలోంచో సిమెంటులోంచో తిరిగి రాబట్టుకుంటారు.

కాంక్రీటు పోయక ముందు రోజు

మీకు ఒక్క రోజే తీరిక ఉందంటే ఆ రోజు ఇదే అవ్వాలి. కాంక్రీటు పోశాక మందం తెలుసుకోవాలంటే కోర్ కట్ చేయించాలి, అంటే మిషనుతో రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి తీయించాలి. పోయక ముందు అయితే ఇంట్లో ఉన్న టేపు సరిపోతుంది.

ఎస్టిమేట్‌లో 120 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం అని ఉందనుకోండి. 120 ఇంటూ 4 ఇంటూ 0.15, మొత్తం 72 ఘనమీటర్ల కాంక్రీటు. అదే మందం 120 మిల్లీమీటర్లే పడితే 57.6 ఘనమీటర్లు. పైకి చూస్తే రెండు రోడ్లూ ఒకేలా ఉంటాయి. తేడా మాత్రం 14.4 ఘనమీటర్లు, అంటే ఐదో వంతు. ఘనమీటరు 6,000 రూపాయలు అనుకున్నా 86 వేల పైచిలుకు. ఒక్క వీధిలో.

కొలిచేటప్పుడు అంచున కొలిచి ఊరుకోకండి. కాంక్రీటు జారకుండా అంచున నిలబెట్టే పలక 150 ఎత్తే ఉంటుంది, దాన్ని చూపించే ఫొటోలు తీస్తారు. మధ్యలో బెడ్, అంటే కాంక్రీటు కింద పరిచిన పొర, ఉబ్బి ఉంటే అక్కడ 110 కూడా రాదు. రెండు పలకల మీదా అడ్డంగా దారం లాగి పట్టుకుని, దారం నుంచి కింద బెడ్ వరకు కొలవండి. నాలుగైదు చోట్ల కొలిచి, టేపు కనిపించేలా ఫొటో తీసుకోండి. పక్కన ఇంటి నంబరో కరెంటు స్తంభమో పడితే మరీ మంచిది.

లక్ష్మీపురం వైపు మాకు తెలిసిన రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన చేసింది ఇంతే. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తూ టేపు పట్టుకెళ్ళాడు. మధ్యలో తక్కువ వచ్చింది. మేస్త్రి "బాబాయ్ గారూ, మీకెందుకండీ ఈ ఎండలో" అన్నాడట. ఆయన మేస్త్రితో వాదించలేదు. సచివాలయంలో అమ్మాయికి ఫోన్ చేసి, "అమ్మా, ఎస్టిమేట్‌లో 150 ఉందిగా, ఇక్కడ 120 వస్తోంది, ఒకసారి ఏఈ గారిని చూడమంటావా" అన్నాడు. మధ్యాహ్నానికి మనుషులు వచ్చి ఉబ్బిన బెడ్ చెక్కేశారు. ఫిర్యాదు లేదు, గొడవ లేదు, ఫైలు లేదు. ఆయన చేసినంత పని మా ఆఫీసులో మేమందరం కలిసి ఏడాదిలో చేశామా అని నాకు అనుమానమే. మా దగ్గరికి కాగితం వచ్చేటప్పటికి కాంక్రీటు గట్టిపడిపోయి ఉంటుంది.

పోసే రోజున రెడీమిక్స్ లారీలు వస్తే లెక్కపెట్టండి. ఒక్కో లారీకి 6 ఘనమీటర్లు అయితే 72కి 12 లారీలు రావాలి. ప్రతి లారీ డ్రైవరు దగ్గరా చలానా ఉంటుంది. గ్రేడు, పరిమాణం, బయల్దేరిన టైము దాని మీద ఉంటాయి. డ్రైవర్లు అడిగితే చూపిస్తారు, వాళ్ళకి దాచాల్సిన అవసరం లేదు. సైట్లోనే మిల్లర్‌తో కలుపుతుంటే బస్తాలు చూడండి. ఎం20 గ్రేడు కాంక్రీటుని సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్ళలో కలిపితే ఘనమీటరుకి దాదాపు 8 బస్తాల సిమెంటు పడుతుంది. పాళ్ళు ల్యాబులో తేల్చిన డిజైన్ మిక్స్ అయితే కొంచెం తగ్గొచ్చు, అది ఎస్టిమేట్‌లో రాసి ఉంటుంది.

ఇక నీళ్ళు. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పీపీసీకి కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని కాంక్రీటు పనులకి భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. మన గుంటూరు ఎండకి ఇంకా ఎక్కువే ఉంచాలి. రోహిణి కార్తెలో పోసి, రెండు రోజులు గోనెపట్టా తడిపి వదిలేస్తే ఆ రోడ్డు పొడి రాలక ఏం చేస్తుంది? ఇందులో అవినీతి కూడా లేదు, ఒట్టి బద్ధకం. ట్యాంకరు రాకపోతే ఫోన్ చెయ్యండి, లేదా నలుగురు కలిసి ఇంటి ముందు ఎవరి ముక్కకి వాళ్ళు నీళ్ళు పట్టండి.

ఎం-బుక్ చదవడం

మెజర్‌మెంట్ బుక్ అనే ఈ పుస్తకమే బిల్లుకి ఆధారం. పని ఎంత జరిగిందో ఏఈ కొలిచి రాస్తాడు, ఆయన పై ఇంజనీరు డీఈ వాటిని సరిచూస్తాడు (చెక్ మెజర్ అంటారు), దాని మీద బిల్లు లేస్తుంది. పేజీలకి ముందే నంబర్లు ఉంటాయి. కొట్టివేత ఉంటే పక్కన సంతకం ఉండాలి, తుడిపి రాయకూడదు. పే అండ్ అకౌంట్స్‌లో మేము చూసేది దీన్నే. అందులో 120 మీటర్లు అని ఉంటే మాకు 120 మీటర్లే. అక్కడికి వెళ్ళి చూసే అధికారం గానీ తీరిక గానీ మాకు లేవు. మీకు ఉన్నాయి, ఎందుకంటే మీరు ఆ వీధిలోనే ఉంటారు.

నకలు చేతికొచ్చాక నేనైతే ముందు తేదీలు చూస్తాను. కాంక్రీటు బలం పరీక్షకి 15 సెంటీమీటర్ల క్యూబులు పోసి 7 రోజులకీ, 28 రోజులకీ పగలగొడతారు. జూన్ 3న పోసినట్టు ఎం-బుక్‌లో ఉండి, 28 రోజుల రిపోర్టు మీద జూన్ 20 తేదీ ఉంటే ఇక కాంక్రీటు గురించి మీకు ఏమీ తెలియనక్కర్లేదు, క్యాలెండరు తెలిస్తే చాలు. ఎన్ని క్యూబులు పోశారో కూడా చూడండి. ఐఎస్ 456 పట్టిక ప్రకారం 72 ఘనమీటర్లకి కనీసం 5 శాంపిళ్ళు, శాంపిల్‌కి 3 క్యూబుల చొప్పున ఉండాలి. మొత్తం పనికి మూడంటే మూడు క్యూబుల రిపోర్టు పెట్టి ఉంటే అడగండి.

ఆ తర్వాత కొలతలు. పేజీ నిండా 120.00, 4.00, 0.15 అని ఎస్టిమేట్ అంకెలే దిగి ఉంటే కొలిచి రాశారా, చూసి రాశారా అన్న అనుమానం రావాలి. నిజం వీధి ఎక్కడా అంత తిన్నగా ఉండదు. ఒక చోట 3.90, ఇంకో చోట 4.15 వస్తుంది, మ్యాన్‌హోల్ దగ్గర కొంత తీసివేత ఉంటుంది. సైడు కాలువల్లో ఇది మరీ ఎక్కువ. ఎస్టిమేట్‌లో 80 మీటర్లు ఉంటుంది. 62వ మీటరు దగ్గర ఎవరిదో మెట్టు కాలువ మీదకి వచ్చి ఉంటుంది, ఆయన పగలగొట్టనివ్వడు, కార్పొరేటర్ మాట్లాడదామంటాడు, పని అక్కడ ఆగిపోతుంది. బిల్లు మాత్రం 80కి వెళ్ళే ప్రమాదం ఉంది. టేపు పట్టుకుని కాలువ పొడవు కొలిస్తే పది నిమిషాల పని.

పెద్ద పనిని చిన్న ముక్కలు చేసి, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇవ్వడం ఇంకో అలవాటు. ఒకే వీధి "మొదటి భాగం", "రెండో భాగం" అంటూ రెండు మూడు ఎస్టిమేట్లుగా, దగ్గర దగ్గర తేదీలతో కనిపిస్తే అన్నీ కలిపి అడగండి.

రోడ్డు వేశాక తేదీ ఒకటి రాసిపెట్టుకోండి

అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఉంటుంది. ఎక్కువ పనులకి రెండేళ్ళు. ఆ లోపు పగుళ్ళు వచ్చినా గుంతలు పడినా కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. బిల్లుల్లోంచి సెక్యూరిటీ డిపాజిట్ (ఎఫ్‌ఎస్‌డీ) కింద పట్టి ఉంచిన డబ్బులో కొంత ఇందుకే ఆగి ఉంటుంది. గడువు దాటి ఆ డబ్బు విడుదలైపోతే తర్వాత చేసే ప్రతి ప్యాచ్‌కీ మళ్ళీ మన పన్ను డబ్బే. కాబట్టి పూర్తయిన తేదీ తెలుసుకుని, గడువు ముగిసేందుకు మూడు నెలల ముందు ఒకసారి వీధంతా నడిచి, కనబడినవన్నీ రాసి, అగ్రిమెంటు నంబరు వేసి కమిషనర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చినా నంబరు వస్తుంది.

వేసిన రోడ్డుని పైపులైన్ కోసం తవ్వడం గురించి గుంటూరులో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు, భూగర్భ డ్రైనేజీ మనకి బాగానే నేర్పింది. రోడ్డు మంజూరైందని తెలియగానే కాలనీ తరఫున ఒక ఉత్తరం ఇవ్వండి: "ఈ వీధిలో నీటి పైపు, డ్రైనేజీ, కేబుల్ పనులు ఏవైనా బాకీ ఉన్నాయా? ఉంటే అవి అయ్యాకే రోడ్డు వేయగలరు." రోడ్డు వారం ఆలస్యమైనా ఫర్వాలేదు. తర్వాత ఎవరైనా తవ్వితే రోడ్డు కటింగ్ చార్జీలు కట్టారా, ఆ డబ్బుతో పూడ్చారా అని అడగొచ్చు.

కాంట్రాక్టర్ల వైపు నుంచి ఒక్క మాట చెప్పకపోతే అన్యాయం. బిల్లు నెలల తరబడి ఆగితే వాళ్ళు వడ్డీకి తెచ్చి పని చేస్తారు, ఆ వడ్డీని తర్వాతి పనిలో ఎక్కడో రాబట్టుకుంటారు. సరిగ్గా చేసినవాడు బిల్లు రాక మానుకుంటాడు, ఎలాగోలా రాబట్టుకోగలవాడు మాత్రమే మిగులుతాడు. అందుకే బిల్లు పెట్టిన తేదీ, డబ్బు పడిన తేదీ రెండూ అడగండి. మార్చి ఆఖరి వారంలో పాసైన బిల్లుల్ని మరీ జాగ్రత్తగా చూడండి. మార్చి 31 దాటితే నిధులు మురిగిపోతాయన్న హడావిడిలో మా టేబుళ్ళ మీద ఫైళ్ళు మనిషెత్తు పేరుకునేవి, ఆ ఒత్తిడిలో తేదీలు పోల్చి చూసే ఓపిక ఎవరికీ మిగిలేది కాదు.

దరఖాస్తు ఇలా రాయండి

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. నకళ్ళు తీసుకోవడమే కాకుండా పని జరిగిన చోటునీ రికార్డుల్నీ స్వయంగా తనిఖీ చేయడం, మెటీరియల్ శాంపిల్ తీసుకోవడం కూడా హక్కేనని సెక్షన్ 2(జె) చెబుతోంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. "ఎందుకు", "ఎవరు బాధ్యులు" అని అడక్కండి, అభిప్రాయాలు ఇవ్వలేమని వెనక్కి పంపుతారు. రికార్డు పేరు పెట్టి అడగండి:

"ప్రజా సమాచార అధికారి, ఇంజనీరింగ్ విభాగం, నగరపాలక సంస్థ గారికి. ఫలానా డివిజన్, ఫలానా వీధిలో ఫలానా నెలలో పూర్తయిన సీసీ రోడ్డు పనికి సంబంధించి ఈ కింది రికార్డుల ధ్రువీకరించిన నకళ్ళు ఇవ్వగలరు.
1. మంజూరైన ఎస్టిమేట్, అగ్రిమెంటు
2. ఎం-బుక్‌లో ఈ పని కొలతలు, చెక్ మెజర్‌మెంట్ ఉన్న పేజీలు
3. క్యూబ్ పరీక్షల, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టులు
4. ప్రతి బిల్లు తేదీ, మొత్తం, చెల్లించిన తేదీ, పట్టి ఉంచిన డిపాజిట్ వివరాలు
5. డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ముగిసే తేదీ ఉన్న పత్రం
అలాగే సెక్షన్ 2(జె) ప్రకారం ఎం-బుక్ అసలును, పని జరిగిన స్థలాన్ని తనిఖీ చేయడానికి ఒక తేదీ ఇవ్వగలరు."

పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, నేరుగా ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళు రేషన్ కార్డు జిరాక్సు పెడితే ఫీజు లేదు. 30 రోజుల్లో సమాచారం రావాలి. దాటితే నకళ్ళకి డబ్బు తీసుకోకూడదు. అది తమ విభాగం కాదంటే వాళ్ళే 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. జవాబు రాకపోయినా, సగమే వచ్చినా 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకి 250 రూపాయల చొప్పున 25 వేల వరకు జరిమానా పడొచ్చు. అక్కడి దాకా చాలా తక్కువసార్లే వెళ్తుంది. ఎం-బుక్ అన్న మాట దరఖాస్తులో కనబడగానే అడిగింది విషయం తెలిసినవాళ్ళని అవతల అర్థమైపోతుంది.

వేల కోట్ల పనులైతే

అమరావతి లాంటి వాటికి టేపు పనికిరాదు. అక్కడ అప్పు షరతులు చదవాలి: తీర్చేది ఎవరు, డబ్బు దేని మీద విడుదలవుతుంది, దాన్ని సరిచూసేది ఎవరు. 2018 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్ల బాండ్లు అమ్మింది. అమ్మింది సీఆర్‌డీఏ అయినా వెనక రాష్ట్ర ప్రభుత్వం గ్యారంటీ ఉంది. ఇలాంటి గ్యారంటీలు రాష్ట్రం సొంత అప్పు కింద కనబడవు. బడ్జెట్ పత్రాల్లో గ్యారంటీల పట్టిక వేరేగా ఉంటుంది, కాగ్ ఏటా ఇచ్చే రాష్ట్ర ఆర్థిక స్థితి నివేదికలోనూ ఉంటుంది. వార్తల్లో "అప్పు ఇంత" అని చదివినప్పుడు ఆ పట్టిక కూడా తీసి చూడండి.

2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు అమరావతికి ఆమోదించిన 80 కోట్ల డాలర్ల రుణం ఇంకో రకం. ఫలానా ఫలితం వచ్చిందని స్వతంత్రంగా నిర్ధారణ అయ్యాక ఆ ఫలితానికి ముడిపెట్టిన వాయిదా విడుదలవుతుంది. ఏ ఫలితానికి ఎంత అన్నది బ్యాంకు వెబ్‌సైట్‌లోని ప్రాజెక్టు పత్రంలో ఉంది, ఎవరైనా చదవొచ్చు. నష్టపోయినవాళ్ళు ఇద్దరు కలిసినా బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. అమరావతికే అంతకుముందు అనుకున్న ఇంకో రుణం మీద 2017లో రాజధాని రైతులు కొందరు ఆ తలుపు తట్టారు కూడా. విచారణ సంగతి తేలకముందే 2019లో కేంద్రం ఆ రుణ ప్రతిపాదన వెనక్కి తీసుకుంది.

మీ వీధి లెక్కకి మళ్ళీ వస్తే, కార్పొరేషన్ పద్దుల్ని ఏటా స్టేట్ ఆడిట్ శాఖ తనిఖీ చేసి అభ్యంతరాలు రాస్తుంది. ఆ రిపోర్టు కూడా ఆర్టీఐలో అడగొచ్చు. తెలుగులో ఉండకపోవచ్చు, లావుగా ఉంటుంది, భయపడకండి. ఇంజనీరింగ్ విభాగం మీద రాసిన అభ్యంతరాల పేరాలు మాత్రం వెతికి, వాటికి కార్పొరేషన్ ఇచ్చిన జవాబులు చూడండి. పేరా ఉండి జవాబు లేకపోతే, ఆ పేరా నంబరు వేసి తర్వాతి దరఖాస్తు రాయండి.